చెవికి ఇంగ్లీషు: మారతహళ్ళి పీజీ మేడ మీద ఐఎల్ట్స్ లిజనింగ్ సాధన

మూడేళ్ళు ఆస్ట్రేలియా వాళ్ళ ఫోన్లు ఎత్తి బతికినదాన్ని నేను. సిడ్నీలో పొద్దున తొమ్మిదైతే మనకి తెల్లవారుజాము నాలుగున్నర. అక్టోబరులో వాళ్ళు గడియారం గంట ముందుకు తిప్పుకుంటే మా షిఫ్టు మూడున్నరకే మొదలు. బెంగుళూరులో మారతహళ్ళి వంతెన దగ్గర చీకట్లో క్యాబ్ ఎక్కి, హెడ్‌సెట్ తగిలించుకుంటే మధ్యాహ్నం దాకా చెవిలో వాళ్ళ మాటే. అలాంటిది, ఎమ్మెస్‌కి పోదామని, విదేశీ చదువులకి అడిగే ఇంగ్లీషు పరీక్ష ఐఎల్ట్స్ రాస్తే లిజనింగ్‌లో, అంటే విని జవాబు రాసే భాగంలో, తొమ్మిదికి 6.5 వచ్చింది. రైటింగ్‌లో తక్కువొస్తే ఇంత బాధపడేదాన్ని కాదు. లిజనింగ్‌లో! మదనపల్లెకి ఫోన్ చేసి చెప్తే నాయన, "రోజూ వినేదే కదమ్మా" అన్నాడు. నాకూ అదే అంతుబట్టలేదు.

రెండు రోజులు తల పట్టుకుంటే తెలిసింది. ఫోన్లో నేను వినడం తక్కువ, అడగడం ఎక్కువ. "సారీ, మరోసారి చెప్తారా?" "వీధి పేరు స్పెల్లింగ్ చెప్తారా?" "అంటే మీరడిగేది రీఫండ్ గురించేనా?" పైగా కస్టమర్ పేరు, చిరునామా ముందే తెర మీద ఉంటాయి. పరీక్షలో రికార్డింగ్ ఒక్కసారే నడుస్తుంది. సారీ అనడానికి అవతల మనిషి లేడు.

పది వారాల తర్వాత రెండోసారి రాస్తే 8 వచ్చింది. డబ్బు కుదరక ఆస్ట్రేలియా పోలేదు, ఆ కథ ఇక్కడొద్దు. ఇప్పుడు మా పీజీ హాస్టల్లో ఎవరికి ఐఎల్ట్స్ ఉన్నా సాయంత్రం నోట్‌బుక్ పట్టుకుని మేడ మీదికి వస్తారు. అందరికీ అదే పాఠం మళ్ళీ మళ్ళీ చెప్పలేక ఇది రాస్తున్నాను.

పరీక్ష సంగతి రెండు ముక్కల్లో. నాలుగు భాగాలు, 40 ప్రశ్నలు, సుమారు 30 నిమిషాలు. ఒక్కో ప్రశ్నకి ఒక్క మార్కు, తప్పు రాస్తే కోత లేదు. మొదటి భాగంలో ఇద్దరు మాట్లాడుకుంటారు: గది అద్దెకో, క్లబ్బులో చేరడానికో. రెండోదాంట్లో ఒక్కరే ఊరి పార్కు గురించో మ్యూజియం గురించో చెప్తారు. మూడోదాంట్లో విద్యార్థులు, వాళ్ళ ట్యూటర్. నాలుగోది కాలేజీ లెక్చరు. 40కి 23 వస్తే సుమారుగా 6, 30 వస్తే 7, 35 వస్తే 8. అంటే ఆరుకీ ఏడుకీ మధ్య ఉన్నది ఏడు ప్రశ్నలే. ఆ ఏడు ఎక్కడ జారిపోతున్నాయో పట్టుకోవడమే మన పని.

నేను మొదటిసారి చేరిన కోచింగ్ సెంటర్లో పట్టుకునే పనే లేదు. రోజుకో టెస్టు స్పీకర్లో వేస్తారు, జవాబులు చదువుతారు, "ఎంత వచ్చింది? ఇరవై ఆరా? రేపు ఇంకా బాగా చెయ్యాలి" అంటారు. రేపు మళ్ళీ ఇరవై ఆరే. జ్వరమొచ్చిన పిల్లకి రోజూ థర్మామీటర్ పెట్టి చూడటమే తప్ప మందెయ్యకపోతే ఎట్లా?

కాబట్టి ముందుగా ఒక్క పూర్తి టెస్టు పెట్టుకోండి. మధ్యలో ఆపకుండా, ఫోన్ సైలెంట్‌లో. కేంబ్రిడ్జ్ వాళ్ళ పాత టెస్టుల పుస్తకాలు దొరుకుతాయి, పరీక్ష నడిపే సంస్థలు ఐడీపీ, బ్రిటిష్ కౌన్సిల్ సైట్లలో నమూనాలు ఉచితం. ఆ తర్వాత మూడు వారాలు పూర్తి టెస్టు ముట్టుకోవద్దు. తప్పుపోయిన ప్రతి ప్రశ్న పక్కనా ఎందుకు పోయిందో రాయండి. ఎన్ని పోయాయన్నది తర్వాత.

నా పక్క మంచం అమ్మాయిది హిందూపురం, ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. తన మొదటి టెస్టులో 24 వచ్చాయి. పోయిన పదహారూ ముందేసుకుని కూర్చున్నాం. స్పెల్లింగో, చివర ఎస్ మర్చిపోవడమో, ఒక మాట రాయమంటే రెండు రాయడమో, ఇలా పోయినవి ఐదు. రికార్డింగ్‌లో మనిషి ముందొకటి చెప్పి తర్వాత మాట మార్చితే మోసపోయినవి నాలుగు. బాగా తెలిసిన మాటే అయినా చెవికి అందనివి నాలుగు. ఎక్కడున్నామో తప్పిపోయి వదిలేసినవి రెండు. నిజంగా మాటకి అర్థం తెలీక పోయింది ఒక్కటంటే ఒక్కటి. ఈ పిల్ల మాత్రం నెల రోజులుగా యాప్‌లో రోజుకి ముప్పై కొత్త మాటలు బట్టీ పడుతోంది!

మీ లెక్క వేరేగా ఉండొచ్చు. కానీ లెక్క తేలకుండా సాధన మొదలుపెట్టొద్దు.

ఇక అసలు కష్టం, తెలిసిన మాట చెవికి అందకపోవడం. దీనికి అందరూ "యాక్సెంట్" అని పేరు పెట్టి ఊరుకుంటారు. నాకు ఆ మాట నచ్చదు. యాక్సెంట్ అనేస్తే తప్పు అవతలివాడిది అయిపోతుంది, మనం చెయ్యగలిగింది ఉండదు.

ఒక సాయంత్రం మేడ మీద, వాషింగ్ మెషీన్ గడగడల మధ్య, హిందూపురం అమ్మాయికి ఒక వాక్యం వినిపించాను. జిమ్ గురించి ఒకాయన చెప్తున్నాడు. కాగితం మీద ఆ వాక్యం ఇది: దేర్ ఈజ్ ఏన్ ఔట్‌డోర్ పూల్ యాజ్ వెల్. బయట ఈతకొలను కూడా ఉంది అని. ఆరుసార్లు విన్నది.

"ఏం జెప్తాండాడో తెల్డంలేదక్కా. జనరల్ అని ఏందో అంటాండాడు."

"జనరల్ లేదు. నీకేం వినబడిందో అక్షరం పొల్లుపోకుండా తెలుగులో రాయి."

రాసింది: "దెర్జనౌడ్డో పూలజ్వెల్."

"రైట్. రాముడు, అతడు. కలిపితే?"

"రాముడతడు. ఉత్వ సంధి. దానికీ దీనికీ ఏం సంబంధమక్కా?"

సంబంధం అంతా అక్కడే ఉంది. వాడు ఎక్కడ అని మనం విడివిడిగా పలుకుతామా? వాడెక్కడ అంటాం. ఏమి ఉంది అనం, ఏముంది అంటాం. తెలుగు నేర్చుకునే వాడెవడైనా "ఏముంది"ని నిఘంటువులో వెతికితే దొరకదు. ఇంగ్లీషు వాళ్ళూ మాటలు కలిపేస్తారు. మనకి అచ్చు మీద అచ్చు పడితే ముందుది ఎగిరిపోతుంది. వాళ్ళకి మాట చివరి హల్లు పక్క మాట అచ్చుకి అతుక్కుంటుంది. పిక్ ఇట్ అప్ అనేది పికిటప్. నాట్ ఎట్ ఆల్ అనేది నాటటాల్. "ఈజ్ ఏన్ ఔట్" కలిసి "జనౌట్", అది మా పిల్ల చెవిలో "జనరల్".

దీనికి తోడు మన భాష అజంతం. మాట చివర అచ్చు లేకపోతే మనకి తోచదు. బస్సు, రోడ్డు, బ్యాంకు అని ఒక ఉకారం తగిలిస్తే గానీ మాట పూర్తయినట్టుండదు. చెవి కూడా ఆ ముగింపు కోసమే కాచుకుని ఉంటుంది. అది రాకపోయేసరికి ఒక మాట ఎక్కడ అయిందో, రెండోది ఎక్కడ మొదలైందో తెలీదు.

ఇంకో మూడు గుర్తు పెట్టుకోండి. బ్రిటన్, ఆస్ట్రేలియా వాళ్ళు మాట చివరా, హల్లు ముందూ వచ్చే ఆర్‌ని మింగేస్తారు. కార్ పార్క్ వాళ్ళ నోట "కా పాక్". మనం ప్రతి ఆర్‌నీ గట్టిగా పలికేవాళ్ళం కాబట్టి అది లేకపోతే మాట పోల్చుకోలేం. రెండోది, అమెరికన్లు, ఆస్ట్రేలియన్లు మాట మధ్య టీని డీ చేస్తారు: వాటర్ కాస్తా "వాడర్". మూడోది చిన్న మాటలు. ఆఫ్, టు, ఫర్, కెన్ లాంటివి సగం మింగుడే. కప్ ఆఫ్ టీ అంటే వినబడేది "కపటీ", పేరుకి తగ్గట్టే. కెన్, కాంట్ దగ్గర మరీ జాగ్రత్త. చెయ్యగలను అన్నప్పుడు కెన్ మాయమైపోతుంది, వెనకున్న క్రియ గట్టిగా వినబడుతుంది. చెయ్యలేను అన్నప్పుడు కాంట్ మీద బరువు పడుతుంది. "టి" కోసం చెవి రిక్కించొద్దు, బరువు ఎక్కడ పడిందో చూడండి.

ఈ చెవిటితనానికి నాకు తెలిసిన మందు ఒక్కటే: ఒక్క నిమిషం ఆడియో, ఒక నోట్‌బుక్, నలభై నిమిషాల ఓపిక. ట్రాన్‌స్క్రిప్ట్, అంటే అందులోని మాటలన్నీ అచ్చులో, ఉన్న ఆడియోనే తీసుకోండి, పాత టెస్టుల పుస్తకాల వెనక ఉంటుంది. మొదట పెన్ను పట్టకుండా నిమిషమంతా వినండి. తర్వాత వాక్యం వాక్యం ఆపి రాయండి. వాక్యానికి ఐదుసార్లకి మించి వినొద్దు. అందని చోట గీత గీయకండి, వినబడిన చప్పుడుని తెలుగు లిపిలో రాయండి. ఇది నేను కనిపెట్టిన కిటుకు అని గర్వంగానే చెప్తాను. ఇంగ్లీషు అక్షరాల్లో రాయబోతే మెదడు వెంటనే ఏదో ఒక తెలిసిన మాట అంటగడుతుంది. తెలుగులో "జనౌడ్డో" అని రాయగలం, అది చెవి నిజంగా విన్నది. ఆనక ఎర్ర పెన్నుతో ట్రాన్‌స్క్రిప్ట్ పక్కన రాసి చూస్తే ఏ అతుకు దగ్గర దెబ్బ తిన్నామో కళ్ళకి కడుతుంది.

ఇక్కడితో ఆపేస్తే సగమే. కాగితం మూసి అదే నిమిషం మళ్ళీ వినండి, "జనౌడ్డో" అన్న చోట ఔట్‌డోర్ వినబడేదాకా. చివరగా ఆ మనిషితో పాటే, అదే వేగంతో, గొంతు కలిపి చదవండి. నోరు తిరగని మాట చెవికీ అందదు. మొదటి వారం పీజీలో అందరూ నవ్వుతారు. మూడో వారానికి వాళ్ళూ వచ్చి కూర్చుంటారు.

ఆడియో వేగం తగ్గించుకోవడం? ఐదోసారికీ అందకపోతే ఒక్కసారి తగ్గించి చూడండి, వెంటనే మామూలు వేగానికి రండి. అలవాటైతే అది చక్రాల కుర్చీ.

మొదటి భాగానికి వద్దాం. ఇది సులువని అందరూ అంటారు, నేను మొదటిసారి మూడు పోగొట్టుకున్నది ఇక్కడే. పేర్లు, అంకెలు, తేదీలు. థర్టీన్‌లో బరువు చివర్న, థర్టీలో మొదట్లో. మనం రెండూ ఒకేలా అంటాం కాబట్టి తేడా పట్టం. సున్నాని "ఓ" అంటారు. అక్షరాల్లో ఏ, ఇ, ఐ మూడూ గొడవే. ఆస్ట్రేలియన్ల "ఏ" మన చెవికి దాదాపు "ఐ", టుడే అన్నది "టుడై"లా ఉంటుంది. జీ, జే తారుమారు కావడం సరేసరి. మనం హెచ్ అనేదాన్ని వాళ్ళలో చాలామంది "ఎయిచ్" అంటారు.

దీనికి ఇద్దరు చాలు. మ్యాప్‌లో మెల్‌బోర్న్ వీధులు తెరిచి ఒకరు పేరు అక్షరాలు, ఇంటి నంబరు, ఒక ఫోన్ నంబరు గబగబా చదవాలి. రెండోవారు రాయాలి. "మళ్ళీ చెప్పవా" అంటే డబ్బాలో ఐదు రూపాయలు. మా డబ్బాలో మొదటి వారం నూట ఎనభై ఐదు పోగయింది, అయ్యంగార్ బేకరీలో అందరికీ ఖారా బన్నులు వచ్చాయి. నాలుగో వారానికి టీకి కూడా రాలేదు.

మాట మార్చే మోసం కూడా ఎక్కువగా ఇక్కడే. అమ్మాయి ఫోన్లో మంగళవారం వస్తానంటుంది. మీరు మంగళవారం రాసేస్తారు. అంతలో "ఓ, వెయిట్", ఆ రోజు పళ్ళ డాక్టరు ఉన్నాడు, గురువారం పెట్టండి అంటుంది. యాక్చువల్లీ, సారీ, ఐ మీన్, యూస్డ్ టు, ఇలాంటివి వినబడితే మొదటి జవాబుకి నీళ్ళొదిలేయండి. వాక్యం ముగిసి అవతలివాళ్ళు "రైట్" అనేదాకా ఖాయం చేసుకోవద్దు. ఇంకొకటి, ప్రశ్నలో ఉన్న మాటే యథాతథంగా వినబడితే సంతోషించకండి, అనుమానించండి. ప్రశ్నలో చీప్ అని ఉంటే రికార్డింగ్‌లో "పెద్దగా ఖర్చవదు" అన్న అర్థంలో వేరే మాటలు వస్తాయి. ప్రశ్నలు చదువుకోవడానికి ముందు ఇచ్చే కొద్ది సెకన్లలో కీలకమైన మాటకి ఇంకెలా అనొచ్చో ఆలోచించుకోండి.

రెండో భాగంలో మ్యాప్ ఒక్కటే ఇబ్బంది. "మీరిక్కడ ఉన్నారు" అన్న చోట వేలు పెట్టి, గొంతు వెంటే వేలు నడిపించండి. అంతకంటే చెప్పడానికేం లేదు.

మూడోదే నా దృష్టిలో అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే అక్కడ అడిగేది ఎవరేమనుకుంటున్నారని. మర్యాదస్తులు ఎదురుగా కాదనరు. "ఐ సీ వాట్ యూ మీన్, బట్" అంటే ఒప్పుకోవడం లేదని. "ఐ సపోజ్ సో" అని సాగదీస్తే అయిష్టంగా ఒప్పుకున్నట్టు. మన ఇళ్ళలో పెళ్ళి సంబంధం గురించి "సర్లే చూద్దాం" అంటే ఏమిటో పసిపిల్లలకీ తెలుసు కదా, అదే చెవి ఇక్కడా పెట్టాలి. గొంతులు గుర్తుపట్టి పక్కన పేరు మొదటి అక్షరం వేసుకోవడం అలవాటు చేసుకోండి.

నాలుగో భాగంలో మిగతావాటిలా మధ్యలో విరామం ఉండదు, పది ప్రశ్నలూ ఏకధాటిగా నడుస్తాయి. ఒకటి జారితే దాని వెంట పడొద్దు. 34 కోసం బాధపడుతుంటే 35, 36 కూడా వెళ్ళిపోతాయి. సిల్క్ బోర్డ్ దగ్గర 500డి బస్సు తప్పిపోతే దాని వెనక పరిగెత్తుతామా? తర్వాతిది ఎక్కుతాం.

బస్సు అన్నాను కాబట్టి ఇదీ చెప్తాను. బీబీసీ, ఆస్ట్రేలియా ఏబీసీ, న్యూజిలాండ్ ఆర్‌ఎన్‌జెడ్, ఈ రేడియోలన్నీ ఇంటర్నెట్‌లో ఉచితం. ప్రయాణంలో పెట్టుకోండి, తప్పులేదు. కానీ కిటికీలోంచి చూస్తూ గంట వింటే అది సాధన కింద రాదు. ఐదు నిమిషాలు విని, ఆపి, ఏం చెప్పారో తెలుగులో అయినా సరే మూడు వాక్యాలు మనసులో చెప్పుకోండి. చెప్పలేకపోతే వినలేదన్నమాట. ఇక సబ్‌టైటిళ్ళతో సిరీస్ చూడటం చదవడం కిందికి వస్తుంది, వినడం కిందికి కాదు.

నాకు కన్నడం వచ్చింది చెవితోనే. కూరగాయల బండి దగ్గర, ఆటోవాళ్ళతో, మెట్రోలో "ముందిన నిల్దాణ" (తర్వాతి స్టేషన్) అని వింటూ వింటూ వచ్చేసింది. ఒక్క పాఠం చదవలేదు. ఇంగ్లీషు పన్నెండేళ్ళు పుస్తకంలో చదివాను, వినడానికి ఎవరూ వినిపించలేదు. మా ఇంగ్లీషు సారు కూడా పాఠం తెలుగులోనే చెప్పేవారు పాపం.

పరీక్షకి రెండు వారాల ముందు మళ్ళీ పూర్తి టెస్టులు మొదలుపెట్టండి, రోజు విడిచి రోజు. కంప్యూటర్లో రాసేవాళ్ళు హెడ్‌ఫోన్ పెట్టుకుని, టైప్ చేస్తూ వినడం అలవాటు చేసుకోవాలి. వాళ్ళకి చివర్లో సరిచూసుకోవడానికి 2 నిమిషాలే. కాగితం మీద రాసేవాళ్ళకి జవాబులు ఎక్కించడానికి 10 నిమిషాలు ఇచ్చేవారు, ఆ పద్ధతి మీ దగ్గర ఇంకా ఉందో లేదో కనుక్కోండి. గది మరీ నిశ్శబ్దంగా ఉండాలని పట్టుబట్టకండి. మా మేడ మీద హెచ్ఏఎల్ విమానాశ్రయం నుంచి యుద్ధవిమానం లేస్తే పక్కవాళ్ళ మాటే వినబడదు. అయినా ఆడియో ఆపనిచ్చేదాన్ని కాదు. పరీక్ష హాల్లో ఎవరో దగ్గితే కంగారుపడే పిల్లల్ని చూశాను.

ఆ చివరి రెండు నిమిషాల్లో చూడాల్సినవి ఇవి. ఖాళీ ఒక్కటీ ఉండకూడదు, ఏదో ఒకటి రాయండి. ఒక్క మాటే రాయమన్న చోట ముందు "ది" పెట్టి గార్డెన్ అని రాస్తే రెండు మాటలు, మార్కు పోయినట్టే. అకామడేషన్‌లో సీ రెండు, ఎమ్ రెండు. వెన్స్‌డే మధ్యలో పలకని డీ, ఫిబ్రవరిలో మొదటి ఆర్. బ్రిటిష్ స్పెల్లింగైనా అమెరికన్‌దైనా తీసుకుంటారు. ఆపైన చివరి ఎస్. మన బహువచనానికి "లు" గట్టిగా వినబడుతుంది, వాళ్ళ ఎస్ బుస్సుమని పక్క మాటలో కలిసిపోతుంది. కాబట్టి చెవిని ఒక్కదాన్నే నమ్మక వాక్యాన్నీ అడగండి: ముందు "త్రీ" ఉందా, "మెనీ" ఉందా?

అన్నీ బాగుండి లిజనింగ్ ఒక్కటే తక్కువొస్తే, కంప్యూటర్లో రాసినవాళ్ళకి 60 రోజుల్లోపు ఆ ఒక్క భాగమే మళ్ళీ రాసే వీలుంది. మీరు పెట్టుకునే యూనివర్సిటీ దాన్ని ఒప్పుకుంటుందో లేదో ముందు కనుక్కుని ఫీజు కట్టండి.

హిందూపురం అమ్మాయికి ఆరు వారాల తర్వాత పెట్టిన టెస్టులో 31 వచ్చాయి. పోయిన తొమ్మిదిలో నాలుగు ఎస్ మర్చిపోయినవే. నిన్న చూస్తే మా గది అద్దం మీద, స్టిక్కర్ బొట్ల వరస పక్కన, ఎర్ర పెన్నుతో రాసిన కాగితం ఒకటి అతికించి ఉంది: "చివర ఎస్ ఉందేమో జూడు."